లోపల వదిలిన గుడ్డ

జాకెట్టు కుట్టేటప్పుడు పక్క కుట్ల లోపల అంగుళమో అంగుళంన్నరో గుడ్డ వదులుతాం. రేపు మనిషి ఒళ్ళు చేస్తే పాత కుట్టు విప్పి, పక్కన ఇంకో కుట్టు వేసుకోవడానికి. తెనాలిలో పద్దెనిమిదేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుట్టి బతుకుతున్నాను. లోపల గుడ్డ వదలని జాకెట్టు నా చేతుల మీదుగా ఇప్పటిదాకా బయటికి వెళ్ళలేదు. నా పెళ్ళినాటి మెరూన్ పట్టు జాకెట్టుకీ అలాగే వదిలారు. దాన్ని తిరగేసి చూస్తే ఒకదాని పక్కన ఒకటి కుట్లు విప్పిన గుర్తులు మూడు కనిపిస్తాయి. మొదటిది మా పెద్దమ్మాయి పుట్టిన రెండేళ్ళకి విప్పాను. రెండోది చిన్నాడు పుట్టాక. మూడోది మిషన్‌కి మోటారు పెట్టించుకున్న మరుసటేడు. ఆ తర్వాత విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు. జాకెట్టు మడిచి బీరువా అడుగున పెట్టేశాను.

అప్పటికి నాకు నలభై ఒకటి. ఎత్తు 155 సెంటీమీటర్లు. బరువెంతో నాకు తెలియదు. రోజుకి పదిమంది నడుముకి టేపు చుట్టేదాన్ని, నా నడుముకి ఒక్కసారి చుట్టుకోలేదు. నాకంటూ ఒక జాకెట్టు కుట్టుకోవాల్సి వస్తే ఆది జాకెట్టు ముందు పెట్టుకుని, దానికో అర అంగుళం కలిపి కత్తిరించేదాన్ని. ఎంత పెరిగానో చెప్పే అంకె కంటబడకుండా ఏళ్ళ తరబడి అలా గడిపాను. నా తప్పులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందుది ఇదే.

మోటారు పెట్టించకముందు రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు కాళ్ళతో మిషన్ తొక్కేదాన్ని. మోటారు వచ్చాక కుడిపాదం కాస్త ఆనిస్తే చాలు. పని రెండింతలైంది. దాన్ని తప్పు పట్టను, ఆ మోటారే లేకపోతే పెద్దదాన్ని కాలేజీలో వేయగలిగేవాళ్ళం కాదు. కానీ కాళ్ళు తొక్కడం మానేసినా కంచంలో అన్నం మాత్రం తొక్కే రోజుల్లో ఎంతో అంతే ఉండిపోయింది. దానికి తోడు బట్టలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషితో టీ. రోజుకి ఆరు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచాకి అయిదు గ్రాములనుకుంటే అరవై గ్రాముల పంచదార, 240 క్యాలరీలు. ఈ లెక్క తర్వాతెప్పుడో నేర్చుకున్నాను. అప్పుడైతే రోజంతా ఒళ్ళు వంచి పనిచేస్తున్నాను కదా, ఇంకా ఎందుకు లావవుతున్నానని ఏడుపొచ్చేది.

నా కొలతల పుస్తకాలు అటక మీద ఉన్నాయి. ఒకరోజు 2007 నాటి పుస్తకం దొరికితే తిరగేశాను. అప్పుడు ముప్పై నడుముతో వచ్చినవాళ్ళు ఇప్పుడు ముప్పై ఎనిమిది, నలభై. వాళ్ళేమీ కలిగినవాళ్ళు కాదు. బట్టల షాపుల్లో పొద్దున్నుంచి నిలబడే అమ్మాయిలు, అంగన్‌వాడీ ఆయాలు, మార్కెట్లో ఆకుకూరలమ్మే వాళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య ఆడవాళ్ళలో 36 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నట్టు తేలింది. ఆ అంకె విన్నప్పుడు నాకేమీ ఆశ్చర్యం వేయలేదు, నా పుస్తకాల్లో ఉన్నదే అది. తిని కూర్చునేవాళ్ళకే ఒళ్ళొస్తుందని ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. చౌకగా కడుపు నిండేది అన్నంతోనూ నూనెతోనూ. కాయ, పండు, గుడ్డు, చేప అన్నీ అంతకంటే ఖరీదే. డబ్బు తక్కువున్న ఇంట్లో ఒళ్ళు పెరగడానికి తిండిపోతుతనం అక్కర్లేదు.

మా వార్డులో ముప్పై దాటినవాళ్ళకి బీపీ, షుగరు చూస్తున్నారని ఆశా కార్యకర్త పిలిస్తే పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. బరువు 78 కిలోలు. బీపీ 152, కింద 96. ఇంకో రెండుసార్లు రమ్మని చూసినా అటూ ఇటుగా అంతే ఉంది. డాక్టరుగారు మాత్ర రాసి, బరువు తగ్గాలమ్మా అన్నారు. ఎలాగో ఆయన చెప్పలేదు. వెనక లైను ఉంది, నేనూ అడగలేదు. బరువు తగ్గడం డబ్బుతో పనని నా మనసులో ముద్ర పడిపోయి ఉంది. జిమ్ముకి నెలకి వెయ్యిన్నర, మంచి బూట్లు, బాదంపప్పు, పళ్ళు, చిరుధాన్యాలు. చీటీ పాడాక మొదలుపెడదాం అనుకున్నాను. అలా ఎనిమిది నెలలు పోయాయి. మొదలుపెట్టడానికి ముందు ఏదో కొనాలి అనుకోవడం నా రెండో తప్పు. చీటీ పాడాక నిజంగానే కొనడం ఇంకా పెద్ద తప్పు.

నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఆవిడే చెప్పింది. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు పొడి కలుపుకుని తాగితే చాలు, తనే పదకొండు కిలోలు తగ్గానని. డబ్బా 2,450 రూపాయలు, పదిహేను రోజులు వస్తుంది. లైనింగ్ జాకెట్టుకి నా కుట్టుకూలి 350. అంటే డబ్బాకి ఏడు జాకెట్లు. మూడు నెలల్లో ఆరు డబ్బాలు కొన్నాను. ఆ డబ్బు పెద్దదాని కాలేజీ ఫీజు కోసం పాడిన చీటీ డబ్బు. ఫీజు ఆలస్యమై అది రెండుసార్లు క్లాసు బయట నిలబడింది. ఎందుకు కట్టలేదమ్మా అని ఒక్క మాట నన్నడగలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా చెయ్యి ఆగుతోంది.

పొడితో ఆరు కిలోలు తగ్గాను. మొదటి వారంలోనే రెండు కిలోలు పోయేసరికి నాకు నమ్మకం కుదిరింది. అన్నం ఒక్కసారిగా మానేసినప్పుడు ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ముందు ఖర్చవుతుందనీ, దాన్ని పట్టుకుని ఉన్న నీరూ దాంతో పాటే పోతుందనీ, మొదటి వారం తరుగులో ఎక్కువభాగం ఆ నీరేననీ అప్పుడు తెలియదు. బరువు తగ్గుతోంది కదా, ఇక బీపీ ఎందుకుంటుందని మాత్ర కూడా ఆపేశాను. ఎవరినీ అడగలేదు. ఆ తెలివితక్కువ పని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఏడో డబ్బాకి డబ్బు లేదు. పొడి ఆగిన రోజున నాకు ఏమీ రాదు. వంట మారలేదు, టీ మారలేదు, అన్నం గ్లాసు మారలేదు. మూడు నెలలు వాటి జోలికి వెళ్ళలేదు, అంతే. అయిదు నెలల్లో ఆరు కిలోలూ తిరిగొచ్చి, ఇంకో కిలో కలిసింది.

డబ్బు లేదు కాబట్టి ఈసారి డబ్బు అక్కర్లేని దారి పట్టాను. పస్తులు. రాత్రి భోజనం మానేశాను, పొద్దున టిఫిన్ బదులు గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, తేనె. తేనెలో నూటికి ఎనభై పాళ్ళు చక్కెరే. అది కొవ్వు కరిగిస్తుందన్న నమ్మకంతో రోజూ రెండు పెద్ద చెంచాలు తాగాను. మధ్యాహ్నానికి ఆకలి పట్టలేక కనబడినంత అన్నం తినేదాన్ని. అది శ్రావణమాసం. మా వృత్తిలో శ్రావణమాసమంటే నిద్రలేని నెల, వరలక్ష్మీవ్రతానికి ముందు రోజుకి పది జాకెట్లు కుట్టినా ఇంకా కవర్లు మిగిలే ఉంటాయి. ఒకరోజు పదకొండు గంటలప్పుడు మిషన్ ముందు కళ్ళు బైర్లు కమ్మాయి. పాదం మోటారు మీదే ఉండిపోయింది. సూది చూపుడువేలి గోరులోంచి దిగి లోపల విరిగింది. చిన్నాడు పరిగెత్తి పక్కింటి అన్నయ్యని పిలుచుకొస్తే ఆయన బండి మీద తీసుకెళ్ళాడు. ముక్క తీసి, ఇంజెక్షన్ చేసి పంపారు. తొమ్మిది రోజులు కుట్టలేదు. ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించేది ఆ నెలలోనే, ఆ నెలలోనే ఇచ్చిన మాట తప్పి బట్టలు వెనక్కి పంపాను. కార్తీకం వచ్చేసరికి దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. ఒంటికి చాలినంత తిండి లేక, ముఖ్యంగా పప్పూ గుడ్డూ లాంటివి లేక పస్తుంటే రెండు మూడు నెలలకి జుట్టు అలా రాలుతుందట. కొవ్వుతో పాటు కండా కరుగుతుందట. మిషన్ మీద వంగి కూర్చునే నాకు నడుం నొప్పి ఎందుకు ఎక్కువైందో అప్పుడు అర్థమైంది.

కొర్రలు, అండుకొర్రల సంగతి ఎక్కువ చెప్పను. బియ్యానికి రెండింతల పైన ధర పెట్టి కొన్నాను, ఆరోగ్యానికి మంచిది కదాని అన్నం తిన్నంతా తిన్నాను. వాటిలో పీచు ఎక్కువ, నిజంగా మంచివే. కానీ వంద గ్రాముల గింజలో ఉండే క్యాలరీలు బియ్యంలో ఎన్నో వాటిలోనూ దాదాపు అన్నే. బరువు ముల్లు కదల్లేదు.

వేలికి కట్టు విప్పించుకోవడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు బీపీ చూసిన నర్సమ్మ మాత్ర మానేశానని విని గట్టిగానే కోప్పడింది. అప్పటి నుంచి నెల నెలా మాత్రలకి వెళ్తూనే ఉన్నాను. మరుసటి వేసవిలో ఒకరోజు లైను తక్కువుంది. ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగింది.

"నెలకి నూనె ఎంత కొంటావమ్మా?"

ఏం తింటున్నావని అడుగుతుందనుకున్నాను. ఏం తింటున్నావని అడిగిన ప్రతివాళ్ళకీ నేను కొంచెమే తింటానని చెప్పాను, అబద్ధమని తెలియకుండానే చెప్పాను. నూనె దగ్గర అలా చెప్పడానికి లేదు. ఖాతా కొట్టు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆరు లీటరు ప్యాకెట్లు.

"ఇంట్లో ఎంతమంది?"

"అత్తయ్య, మా ఆయన, ఇద్దరు పిల్లలు, నేను. అయిదుగురం."

మందుల చీటీ వెనక లెక్క వేసింది. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ఆరు ప్యాకెట్లు 5,460 గ్రాములు. ముప్పై రోజులకి, అయిదుగురికి పంచితే మనిషికి రోజుకి ముప్పై ఆరు గ్రాములు. గ్రాము నూనెకి తొమ్మిది క్యాలరీలు, అంటే 320 పైన. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రెండు వేల క్యాలరీల రోజువారీ కంచంలో నూనెకి అందులో చూపించింది 27 గ్రాములు. నువ్వు రెండు ప్యాకెట్లు తగ్గించి నాలుగుతో నెల గడుపు, మనిషికి ఇరవై నాలుగు గ్రాములకి వస్తుంది, అంది. తగ్గిన పన్నెండు గ్రాములు నూట పది క్యాలరీలు. నా బరువున్న మనిషి రెండు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది అటూ ఇటుగా అంతే.

తర్వాత ఆవిడ ఇంకో మాట అంది. "రెండు ప్యాకెట్ల డబ్బు నీ చేతిలో మిగులుతుంది కదా, దాంతో గుడ్లు కొనుక్కో."

ఇంటికి నడిచి వస్తూ ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. రెండు ప్యాకెట్లంటే మూడు వందలు. బరువు తగ్గడానికి నేనింతవరకు ఖర్చుపెట్టడమే చేశాను. తగ్గించుకుంటే డబ్బు మిగులుతుందన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. పదిహేను వేల దాకా పోయాక, ఒక మందుల చీటీ వెనక అది నాకు కనబడింది.

ఆ సాయంత్రం టేపు తీసి మొదటిసారి నా నడుముకి చుట్టుకున్నాను. బొడ్డుకి ఎదురుగా, ఊపిరి వదిలి, బిగించకుండా. ముప్పై తొమ్మిదిన్నర. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే గుండెకీ షుగరుకీ ప్రమాదమని లెక్క. నా పుస్తకంలో అందరి పేర్ల కింద కొలతలు రాస్తాను, ఆ రోజు నా పేరు రాసి కింద 39½ అని రాశాను. మా వీధి మందుల షాపులో అయిదు రూపాయలకి బరువు చూస్తారు. వారానికోసారి, ఆదివారం పొద్దున, ఏమీ తినకముందు. రోజూ చూసుకోవద్దని నర్సమ్మ ముందే చెప్పింది. నీటి వల్లా ఉప్పు వల్లా రోజుకో రకంగా చూపించి మనసు పాడుచేస్తుందట.

నూనె డబ్బా చుట్టూ ఎర్ర దారం నాలుగు చోట్ల కట్టాను, వారానికో గీత. మొదటి వారం నాలుగో రోజుకే నూనె దారం కిందికి దిగిపోయింది. మా ఇంట్లో వంటంటే కూరలో నూనె తేలాలి. తేలకపోతే అత్తయ్య ముద్ద దిగదు. వంకాయ, బెండకాయ ముందు మూత పెట్టి ఆవిరికి మగ్గించి, చివర రెండు చెంచాల నూనెలో తాలింపు పెట్టడం అలవాటు చేసుకోవడానికి నెలన్నర పట్టింది. పచ్చళ్ళ మాట వేరే చెప్పాలి. గుంటూరు సీమలో పుట్టినదాన్ని, గోంగూర లేకుండా, మాగాయ లేకుండా నన్ను అన్నం తినమంటే తినలేను. కానీ పచ్చడి ఉన్న రోజు నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి, పైగా అందులో ఉప్పు. రోజుకి అయిదు గ్రాములకి మించి ఉప్పు వద్దన్నారు నాకు. పచ్చడి మానలేదు, ఆదివారానికీ గురువారానికీ పెట్టుకున్నాను. నిల్వ పచ్చడి జాడీ వంటగట్టు మీంచి అటక మీదికి ఎక్కింది. నిచ్చెన వేసి దించాలంటే చాలాసార్లు ఆ పూటకి వద్దులే అనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో తప్పు చేశాను, దీనికి నేనొక్కదాన్నే కాదు, ఇంట్లోవాళ్ళూ అనుభవించారు. మంచి తెలుసుకున్నానన్న ఉత్సాహంలో అందరి అన్నమూ తగ్గించేశాను. మా ఆయన తాపీమేస్త్రి. అరవై కిలోల మనిషి. రోజంతా ఎండలో గోడ కడతాడు. ఆయన కంచంలోంచీ అన్నం తీసేశాను. ఆయన ఏమీ అనలేదు, ఆయన తీరే అంత. నెల తర్వాత పెద్దది చెప్పింది, నాన్న సైటు దగ్గర రోజూ పునుగులు తింటున్నాడమ్మా అని. మరిగి మరిగి నల్లబడిన బండి నూనెలో పునుగులు, రోజుకి నలభై రూపాయలు. ఇంట్లో కూర్చుని కుట్టే నాకూ, ఇటుకలు మోసే ఆయనకీ, పద్నాలుగేళ్ళ ఎదిగే పిల్లాడికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది? అందరికీ ఒకే సైజు జాకెట్టు కుట్టనని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ రాత్రి ఆయనకి పాత కొలతే పెట్టి, తప్పయిపోయిందండీ అన్నాను. "పప్పు గట్టిగా ఉంటే అన్నం కొంచెం తగ్గినా ఫర్వాలేదే" అన్నాడాయన, కంచంలోకి చూస్తూ.

ఆ మాటతో ఇంకో సంగతి తెలిసింది. మా ఇంట్లో పప్పు పేరుకే పప్పు. అయిదుగురికి గుప్పెడు కందిపప్పు వేసి, నీళ్ళు పోసి, చారులా చేసేదాన్ని. పప్పు ధర చూసి అలా పలచబడిపోయింది. ఆకలి తీరకపోతే అన్నం ఎక్కువ తింటాం, అది నా ఒక్కదాని బలహీనత కాదు. నూనె మీద మిగిలిన మూడు వందలు, టీల మీద మిగిలిన పాలూ పంచదారా కలిసి గుడ్లయ్యాయి, బొబ్బర్లయ్యాయి, ఉలవలయ్యాయి. సాయంత్రం నాలుగింటికి టీతో బిస్కెట్ల బదులు గుప్పెడు గుగ్గిళ్ళు తింటే రాత్రి ఎనిమిదిదాకా ఆకలి కావడం లేదు. టీ మానలేదు. రోజుకి రెండు, చెంచా పంచదారతో.

మిగిలిన అన్నం సంగతి ఒప్పుకోవడం నాకు అన్నిటికంటే కష్టమైంది. నా భోజనం ఎప్పుడూ అందరి తర్వాతే. నా కంచంలో తిన్నదాన్నే లెక్క వేసుకునేదాన్ని. చిన్నాడు వదిలేసిన అన్నం, కుక్కరు అడుగున మిగిలిన గరిటెడు, రాత్రికి ఉండదనుకున్న కూర, పొద్దుటి రెండు ఇడ్లీలు, ఇవన్నీ నిలబడి వంటగట్టు దగ్గరే నోట్లో వేసుకునేదాన్ని. అన్నం పారేయడం మా అమ్మ నేర్పలేదు. పారేయమని నేనెవరికీ చెప్పను. కానీ మిగులుతోందంటే రోజూ ఎక్కువ వండుతున్నానని అర్థం. కుక్కరు గ్లాసుతో పొద్దున నాలుగు పోసేదాన్ని, మూడున్నర పోయడం మొదలుపెట్టాను. ఎవరికీ తక్కువ కాలేదు. ఆ అర గ్లాసు బియ్యం, డెబ్బై అయిదు గ్రాములు, 260 క్యాలరీలు, ఇన్నేళ్ళూ నా ఒక్కదాని ఒంట్లోకే వెళ్ళింది.

కూరగాయల దగ్గర మాత్రం ఇప్పటికీ నెగ్గలేకపోతున్నాను. మనిషికి రోజుకి 400 గ్రాములు తినాలంటారు, అయిదుగురికి రెండు కిలోలు. మా సంపాదనలో అది రోజూ సాగే మాట కాదు. రైతు బజారుకి సాయంత్రం మూసే వేళకి వెళ్తే సొరకాయ, దోసకాయ, తోటకూర తక్కువకి ఇస్తారు. మునగాకు పెరటి చెట్టుది. సగానికి కొంచెం పైన అందుకుంటున్నాను. ప్రభుత్వం బియ్యం ఇచ్చినట్టు పప్పూ కూరగాయలూ కూడా అందుబాటులో ఉంచితే నాలాంటి ఇళ్ళలో బీపీ మాత్రలు తగ్గుతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నడక సంగతీ అంతే, మొదట తప్పే. ఆవేశంగా మొదటిరోజే హవాయి చెప్పులతో కాలవ గట్టు వెంట అయిదు కిలోమీటర్లు నడిచాను. మర్నాడు మంచం దిగి మడమ కింద పెట్టలేకపోయాను. మూడు వారాలు నొప్పి. తగ్గాక మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత పది నిమిషాలు, రాత్రి తిన్న తర్వాత పది నిమిషాలు మా వీధిలోనే మొదలుపెట్టాను. వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచాను. మడమ దగ్గర మెత్తగా ఉండే నాలుగు వందల రూపాయల చెప్పులు కొన్నాను. మొత్తం మీద నేను అవసరపడి కొన్నది అదొక్కటే. చీకటిపడ్డాక కుక్కల భయం, అందుకని పక్కింటి వదినని కూడా లాగాను. తను రాని రోజు నేనూ ఎగ్గొడతాను, ఒప్పుకుంటున్నాను. వారానికి 150 నిమిషాల నడక ఉండాలంటారు. నాకు 120 దగ్గర ఆగిన వారాలే ఎక్కువ. కండ కోసం అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలో నీళ్ళు నింపి రెండు చేతులా ఎత్తి దించుతాను, కుర్చీలోంచి చేతులానించకుండా పదిసార్లు లేచి కూర్చుంటాను. ఇవి గంటకోసారి మిషన్ దగ్గర్నుంచి లేచినప్పుడు అయిపోతాయి.

మొదలుపెట్టినప్పుడు 79 కిలోలు. ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు, అంటే నాలుగు కిలోలు తగ్గినా బీపీలో తేడా కనిపిస్తుందని నర్సమ్మ అంది. నాలుగు తగ్గడానికి అయిదు నెలలు పట్టింది. సంక్రాంతికి అరిసెలు, జంతికలు, పుట్టింటి మర్యాదలు, నెలరోజుల్లో రెండు కిలోలు తిరిగొచ్చాయి. ఆ ఆదివారం మందుల షాపు ముందు నిలబడి అంతా అయిపోయిందనుకున్నాను. పొడి రోజుల్లో అయితే నిజంగా అయిపోయేది. ఈసారి ఇంటికొచ్చి చూస్తే నూనె డబ్బా మీద దారాలు అలాగే ఉన్నాయి, గ్లాసు అదే గ్లాసు. మామూలు వంట మొదలైంది. రెండు నెలల్లో ఆ రెండూ పోయాయి. పద్నాలుగు నెలలకి 70 కిలోలు. నెలకి ముప్పావు కిలో కూడా కాదు. బీపీ 130 దగ్గర ఉంటోంది. డాక్టరుగారే మాత్ర మోతాదు సగానికి తగ్గించారు. ఈసారి నేను తగ్గించుకోలేదు. మోకాళ్ళు మెట్ల దగ్గర బాధపెట్టడం లేదు. నడుము ముప్పై ఆరు. ముప్పై ఒకటిన్నరకి ఇంకా చాలా దూరం ఉంది. అక్కడిదాకా వెళ్తానో లేదో చెప్పలేను.

పెద్దదాని ఫీజు బాకీ మొన్న జూన్‌లో తీరింది. తీర్చిన రోజు దానికి ఆ పొడి డబ్బాల సంగతి మొత్తం చెప్పాను. నాకు తెలుసమ్మా, ఖాళీ డబ్బాలు మంచం కింద చూశాను, అంది.

పోయిన వారం మెరూన్ పట్టు జాకెట్టు బీరువా అడుగునుంచి తీశాను. చేతులు పట్టాయి. ఛాతీ దగ్గర ఇంకా రెండు అంగుళాలు కలవలేదు. మళ్ళీ మడిచి పెట్టేసి, మేనకోడలి పెళ్ళికి తీసుకున్న కొత్త గుడ్డ బల్ల మీద పరిచాను. ఆది జాకెట్టు పక్కన పెట్టుకోలేదు. పుస్తకంలో నా పేరున్న పేజీ తీసి, పోయిన ఆదివారం రాసుకున్న కొలతలకే గీత గీశాను. పక్కలకి ఎంత వదలాలా అని సుద్ద పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎప్పుడూ వదిలేది అంగుళంన్నర. ముప్పావు అంగుళం వదిలి కత్తెర పెట్టాను.